వారంటీ గడువు తీరిన పిమ్మట ఇంజను చెడినచో

మోటారుకారు నడుపువారి కెదురుగా నుండు పలకమీద నూనెచెంబు బొమ్మ గల చిన్న ఎఱ్ఱదీప మొకటి యుండును. తాళము త్రిప్పినపుడు వెలిగి, ఇంజను కదలగానే అది ఆరిపోవును. దానిని గమనించువారు తక్కువ. మేమును ఎన్నడు గమనించియుండలేదు. ఒక మే నెల మధ్యాహ్నమున హైదరాబాదునుండి విజయవాడకు పెండ్లికి పోవుచు, సూర్యాపేట సమీపించుచున్న వేళ, ఆ దీపము వెలిగినది. వెనుక సీటులో మా అమ్మగారు కునుకు తీయుచుండిరి. ఎండ నిప్పులు చెరుగుచుండెను; కనుచూపు మేరలో చెట్టునీడ లేదు. ఏదో తీగె వదులై యుండును, ఊరు చేరిన పిదప చూపుదమని బండిని ఆపక పోనిచ్చితిమి. నాలుగు కిలోమీటర్లు పోవునప్పటికి ఇంజనులో సుత్తితో మోదుచున్నట్లు చప్పుడు పుట్టినది. మరికొంత దూరమునకు బండి తనంతట తానే నిలిచిపోయినది.

ఆ కారు కొని అప్పటికి 3 సంవత్సరముల 5 నెలలైనది. కంపెనీవా రిచ్చిన వారంటీ 3 సంవత్సరములు.

ఇట్టి స్థితిలో గృహస్థునకు మొట్టమొదట కలుగు భావము, ఇక తనకు దిక్కులేదని. మాకును అట్లే తోచినది. కాని తరువాత జరిగినదానిని బట్టి, వారంటీ యున్నదా లేదా యను ప్రశ్నకంటె ముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదని తెలిసికొంటిమి. ఇంజను ఏల చెడినది? ఈ ప్రశ్నకు జవాబు దొరకినగాని, ఖర్చు ఎవరు భరింపవలెనో నిర్ణయించుటకు వీలులేదు.

ఇంజనులోపల పిస్టన్లు నిమిషమునకు వేల పర్యాయములు మీదికిని క్రిందికిని ఆడుచుండును. ఆ ఆటను చక్రపు తిరుగుడుగా మార్చునది క్రాంకు. పిస్టనును క్రాంకుతో కలుపు కడ్డీకి కనెక్టింగు రాడ్డని పేరు. ఆ రాడ్డు క్రాంకును పట్టుకొను చోట అర్ధచంద్రాకారములో రెండు పలుచని రేకులను అమర్చుదురు; అవియే బేరింగులు. వింత యేమనగా, బండి సవ్యముగా నడుచునంతసేపు ఆ బేరింగులును క్రాంకును ఒండొంటిని తాకవు. నడుమ వెండ్రుకకంటె పలుచనైన నూనెపొర యుండి, అంత బరువును తానే మోయుచుండును. పంపు ఒత్తిడితో నూనెను పంపుచున్నంతకాలమే ఆ పొర నిలుచును. ఒత్తిడి పడిపోయినచో లోహము లోహముతో రాచుకొని, కాగి, కరగి, అంటుకొనిపోవును. మన మెకానిక్కులు ఇంజను సీజైనదని చెప్పునది దీనినే. ఎఱ్ఱదీపము వెలిగిన తరువాత మనకుండు గడువు కిలోమీటర్లతో లెక్కించునది కాదు. వెంటనే ప్రక్కకు తీసి, తాళము త్రిప్పి ఆపివేయుటయే కర్తవ్యము. ఆ నాలుగు కిలోమీటర్లకు మేము చెల్లించిన వెల ముందు చెప్పెదము.

అన్ని ఇంజన్లును నూనె లేకయే చెడవు. నీరు కారిపోయి వేడి మితిమీరినచో, హెడ్డునకును బ్లాకునకును నడుమ నుండు గాస్కెట్టు కాలిపోవును; అల్యూమినియము హెడ్డు వంకరపోవును. అప్పుడు నీరును నూనెయు కలిసి, ఆయిలు పోయు మూత విప్పి చూచినచో పాలు కలిపిన కాఫీవలె కనబడును. కొన్ని ఇంజనులలో టైమింగు బెల్టు అను రబ్బరు పట్టీ యుండును. అది తెగినచో, వాల్వులును పిస్టన్లును ఒకదాని దారికొకటి అడ్డువచ్చి ఢీకొనును. ఆ బెల్టును ఎన్ని కిలోమీటర్లకు మార్చవలెనో కారుతో నిచ్చు పుస్తకములోనే వ్రాయబడియుండును. ఇక ఏండ్ల తరబడి నడిచి, సిలిండర్లు అరిగి, నీలిపొగ వదలుచు, ఆయిలు త్రాగుచు మెల్లమెల్లగా బలహీనపడునది వేరొక విధము; బండి బోరుకు వచ్చినదని వాడుక. ఈ కడపటిది సహజమైన అరుగుదల. దానికై ఎవరిని నిందించినను ప్రయోజనము లేదు. బెల్టు మార్చవలసిన గడువు దాటించినచో తప్పు యజమానిది. బెల్టు క్రొత్తదై, గడువులోపల తెగినచో తప్పు మరియొకరిది. వెలుపలికి ఫలిత మొక్కటియే, బండి కదలదు. కారణమును బట్టి బాధ్యత మారుచుండును.

మా కథకు వత్తము. లారీ డ్రైవరొకరు దయతలచి ప్రక్క ఊరి మెకానిక్కునకు కబురందించిరి. ఆయన వచ్చి, బండి క్రింద గోనెపట్టా పరచుకొని దూరి, కొంతసేపు మాటలాడలేదు. పిదప తల వెలుపలికి పెట్టి, "దీన్ని ఇప్పకుండ్రి సార్. ముందుగాల ఫోటో తీస్కోండ్రి" అనెను. ఆయన టార్చిలైటు వెలుతురులో మేమును వంగి చూచితిమి. ఇంజను అడుగుభాగమంతయు నూనెతో తడిసియున్నది. ఆయిలు ఫిల్టరు అంచునుండి నల్లని రబ్బరు రింగు మెలిదిరిగి వెలుపలికి వ్రేలాడుచున్నది. ఫిల్టరు మార్చునపుడు పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజనుకే అంటుకొని మిగిలిపోవుట యొక్కొక్కప్పుడు జరుగును. దానిని ఊడదీయక, దానిమీదనే క్రొత్త ఫిల్టరును బిగించినచో రెండు రబ్బర్లు ఒకదానిపై నొకటి కూర్చుండును. కొన్నాళ్లు నిలిచి, ఒత్తిడికి ఒకటి జారిపోవును, ఆయిలంతయు రోడ్డుపాలగును. మా బండికి సర్వీసు చేయించి అప్పటికి 11 దినములు. బిల్లుమీద ఫిల్టరు మార్చినట్లును, అప్పటి కిలోమీటరు అంకెయు స్పష్టముగా నున్నవి. అటుపిమ్మట బండి నడిచినది 400 కిలోమీటర్లకు లోపు.

అందుచే మా యింజను చెడుటకును కంపెనీ వారంటీకిని సంబంధమే లేదు. వారంటీ యున్నను, కంపెనీవారు ఇది తయారీలోపము కాదని త్రోసిపుచ్చి యుండెడివారు. వారంటీ లేకున్నను, సర్వీసు చేసినవారి బాధ్యత తీరిపోదు. ఆ మెకానిక్కు ఈ చిన్న మాట చెప్పకున్నచో, మేము ఫిల్టరు విప్పించి, అవతల పారవేయించి, క్రొత్త ఆయిలు పోయించి, బండి కదలునేమో యని చూచియుందుము. సాక్ష్యము ముళ్లపొదల పాలైయుండును. ఆయన పుచ్చుకొన్నది 300 రూపాయలు.

బండిని లాగించుకొని, సర్వీసు చేసిన వర్కుషాపునకే చేర్చితిమి. అచటి మేనేజరు మర్యాదస్థుడు. కాగితములు చూచి, "వారంటీ అయిపోయింది కదండీ, మేమేం చేయగలం? ఇంజను మొత్తం మార్చాలి" అని 1,86,000 రూపాయల అంచనా వ్రాసి చేతికిచ్చెను. మే మప్పుడు మూడు కోరికలు కోరితిమి. ఇంజనును మా యెదుటనే విప్పవలెను. విప్పుటకగు కూలి ఎంతయో ముందే వ్రాసి యియ్యవలెను. విప్పిన సామాను ఒక్కటియు పారవేయరాదు. ఇవి వినగానే ఆయన ముఖమున రంగు కొంచెము మారినది. ఫోటోలు చూపిన పిదప మరికొంత మారినది.

చాంబరు విప్పినపుడు అడుగున మిగిలిన నూనెలో బంగారపు రజనువలె మెరయు పొడి కనబడినది. అది బేరింగుల శిథిలము. నాలుగు రాడ్లలో రెండింటి బేరింగులు నలిగిపోయినవి. క్రాంకుమీద గీతలు పడినవి. సిలిండర్లకును హెడ్డునకును హాని కలుగలేదు. అనగా ఇంజను మొత్తము మార్చవలసిన అగత్యమే లేదు. మొదట వ్రాసిన అంచనా విప్పి చూడక వ్రాసినది. విప్పక ముందు చెప్పు ఏ లెక్కనైనను ఊహగానే తలంపవలెను. కంప్రెషను పరీక్ష, ఆయిలు ఒత్తిడి పరీక్ష, చాంబరు విప్పి చూచుట, ఈ మూడును కొద్ది ఖర్చుతో నగునవి. వీనిని చేయించకుండ లక్షల రూపాయల నిర్ణయమునకు తలయూపరాదు.

ఇచట చట్టము మాట కొంత చెప్పవలసియున్నది. వారంటీ యనునది, ఇంతకాలములోపల చెడినచో ఉచితముగా బాగుచేసెదమని కంపెనీ తనంతట చేసిన వాగ్దానము. గడువు తీరినచో తీరునది ఆ వాగ్దానము మాత్రమే. వస్తువు అమ్మినవారికిని చేసినవారికిని చట్టము విధించిన బాధ్యతలు వేరుగా కలవు. 1930 నాటి వస్తువిక్రయ చట్టములోని 16వ సెక్షను, కొన్ని సందర్భములలో సరకు అమ్మకమునకు తగిన నాణ్యము కలదియై యుండవలెనను షరతు, కాగితముమీద వ్రాయకున్నను ఒప్పందములో చేరియున్నట్లే భావించును. 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, సరకులోని లోపమునే గాక సేవలోని లోపమును కూడ విచారణకు అర్హమైనదిగా ఎంచినది. ఫిర్యాదునకు కారణము పుట్టిన దినమునుండి రెండు సంవత్సరములలోపల కమిషను నాశ్రయింపవలెను. చెల్లించిన వెల 50 లక్షలకు మించనిచో జిల్లా కమిషనే చాలును. కొనినచోటనే కాక, మనము నివసించు జిల్లాలోనే దాఖలు చేసికొనవచ్చును. 5 నుండి 10 లక్షల వెల గల బండికి ఫీజు 200 రూపాయలు. అంతకుముందు 1915 అను నంబరునకు ఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము వారు కంపెనీతో రాజీకై ప్రయత్నింతురు.

అయినను హక్కు కలదని సంబరపడుటతో పని జరుగదు. తయారీలోపమని వాదించువారే దానిని నిరూపింపవలసివచ్చును. పరీక్షింపక తెలియని లోపమైనచో, వస్తువును తగిన ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించు అధికారము కమిషనునకు కలదు. పంపుటకు వస్తువు ఉండవలెను గదా! బాగుచేయించి, విరిగిన భాగములను పాత ఇనుపసామానుల వానికి తూకమునకు వేసిన పిదప, నిపుణుడు దేనిని పరీక్షించును? బండి అత్యవసరమై ఆగలేనిచో, స్వతంత్రుడైన ఇంజనీరుచేత వ్రాతపూర్వకముగా నివేదిక తీసికొని, ఫోటోలు తీసి, చెడిన భాగములను పేరు వ్రాసి మూటగట్టి ఇంటికి తెచ్చుకొనుట మేలు.

వారంటీ తీరిన ఇంజనును గూర్చి లోకమున జరిగిన వివాదములలో పెద్దది అమెరికా దేశమున నడచినది. మన తెలుగు పిల్లలు ఎందరో చదువులకై అచటికి పోయి, మొదట కొనునది పాతకారే గనుక, ఈ వృత్తాంతము మన యిండ్లకును దూరమైనది కాదు. హ్యుండై కంపెనీ అచట తన కార్ల ఇంజనునకు మొదటి యజమాని విషయమున 10 సంవత్సరములు లేక లక్ష మైళ్ల వారంటీ ఇచ్చుచు, చేతులు మారిన పిమ్మట దానిని 5 సంవత్సరములకును 60,000 మైళ్లకును కుదించుచుండెను. 2011, 2012 సంవత్సరముల సొనాటా కార్లలో కొన్నింటికి క్రాంకు తయారీలో పుట్టిన లోహపు రజను లోపల మిగిలిపోయి, బేరింగులకు పోవు నూనెదారిని మూయుచున్నదని తేలినది. మా బండిలో నూనె వెలుపలికి పోయినది. అచట నూనె లోపలనే యుండియు చేరవలసినచోటికి చేరలేదు. బేరింగుల గతి రెండుచోట్ల నొక్కటియే. 2015 సెప్టెంబరులో కంపెనీ సుమారు 4,70,000 కార్లను వెనుకకు పిలిచినది. 2017లో హ్యుండై, దాని సోదర సంస్థయైన కియా కలిసి ఇంకను ఎక్కువ కార్లను పిలిచినవి. ఈ లోపల వారంటీ తీరినవారు, పాతకార్లు కొనినవారు తమ డబ్బుతోనే ఇంజన్లు మార్పించుకొని, పిదప అందరును కలిసి న్యాయస్థానమున కెక్కిరి. 2021లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానము ఆమోదించిన రాజీ ప్రకారము, ఆ తరహా ఇంజన్లు గల కార్లకు బేరింగుల లోపము విషయమై జీవితకాలపు వారంటీ దొరకినది. రెండవ యజమానికిని అది వర్తించినది. వెనుక సొంత డబ్బు వెచ్చించినవారు రసీదులు చూపి సొమ్ము రాబట్టుకొనుటకు వీలు కలిగినది.

ఈ సంగతి బయటపడుటలో కంపెనీలోనే పనిచేసిన కొరియా ఇంజనీరు కిమ్ గ్వాంగ్-హో పాత్ర గొప్పది. ఆయన 2016లో అమెరికా రహదారి భద్రతాధికారులకు సమాచార మందించెను. 2020 నవంబరులో ఆ అధికారులతో రెండు కంపెనీలును, సకాలమున కార్లను వెనుకకు పిలువలేదను ఆరోపణపై, మొత్తము 21 కోట్ల డాలర్ల విలువగల ఒప్పందమునకు తలయొగ్గినవి. 2021లో కిమ్ గారికి 2 కోట్ల 40 లక్షల డాలర్లకు పైబడిన బహుమాన మిచ్చిరి. ఉద్యోగము పోగొట్టుకొనిన మనిషికి అది ఎక్కువని మేమనుకొనము.

మన దేశమునందును 2019లో మోటారు వాహనముల చట్టమునకు జరిగిన సవరణవలన, లోపముగల వాహనములను వెనుకకు పిలువుమని ఆజ్ఞాపించు అధికారము ప్రభుత్వమునకు వచ్చినది. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలైనవి. కావున ఇంజను చెడగానే చాసిస్ నంబరు చెప్పి, ఈ బండిపై అట్టి పిలుపేదైన ఉన్నదా యని కంపెనీని అడుగుట మంచిది. మరియొక మార్గమును కలదు. వారంటీ తీరి కొద్దికాలమే యైనపుడు, సర్వీసు రికార్డు సక్రమముగా నున్నచో, కొన్ని కంపెనీలు తమ పేరు కాపాడుకొనుటకు ఖర్చులో కొంత భాగము తామే భరించును. అది దయయే గాని హక్కు కాదు, అడుగనివారికి దొరకదు. నోటిమాటగా గాక ఉత్తరమూలముగా అడుగవలెను.

బీమా మాట పలువురు మమ్ము అడిగిరి. సాధారణ బీమా ప్రమాదములకే గాని యంత్రము తనంతట చెడుటకు వర్తింపదు. ఇంజను రక్షణకై విడిగా ప్రీమియము కట్టినవారికి, నీరు చేరి ఇంజను చెడినపుడు కొంత రక్షణ కలదు. 2020 అక్టోబరులో హైదరాబాదునందును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు విజయవాడయందును కార్లు నీట మునిగినవి. మునిగిన బండికి నీరు తీసిన వెంటనే తాళము త్రిప్పుట మహాపరాధము. నీరు గాలివలె అణగదు. సిలిండరులో నీరుండగా పిస్టను పైకి లేచినచో రాడ్డు వంగిపోవును. మునుగుటవలన పోని ఇంజను, త్రిప్పుటవలన పోవును. బీమా కంపెనీ ఆ తప్పు యజమానిదే యని వాదించుటయు కలదు.

ఇక బాగుచేయించుటలో దారులు పలు విధములు. ఇంజను మొత్తము క్రొత్తది వేయించుట ఖరీదు. పాతబండ్లనుండి తీసిన ఇంజను చౌక. కాని దాని చరిత్ర ఎవరికిని తెలియదు, దొంగబండిది కాదని నమ్మకము లేదు. బిల్లు లేనిచో ముట్టుకొనరాదు. ఇంజను నంబరు మారినపుడు రవాణా కార్యాలయమున ఆర్.సి.లో నమోదు చేయించి, బీమావారికిని తెలుపవలెను. లేనిచో తరువాత అమ్ముకొనునపుడును, ప్రమాదము జరిగినపుడును చిక్కులు తప్పవు. మూడవది, చెడిన భాగములనే సరిచేయుట. క్రాంకును లేతు షాపులో సానపట్టించి, అరిగినమేరకు మందము హెచ్చిన బేరింగులు వేయుట పూర్వమునుండి వచ్చుచున్న పద్ధతి. కొన్ని నవీన ఇంజనులలో క్రాంకును సానపట్టుటకు తయారీదారులు అంగీకరింపరు, ముందుగా విచారించుకొనవలెను. మా యింజనునకు అట్టి నిషేధము లేదు.

మేము వర్కుషాపువారికి ఒక ఉత్తరము వ్రాసితిమి. కోపపు మాట ఒక్కటియు వ్రాయలేదు. సర్వీసు తేది, బిల్లు నంబరు, రెండు కిలోమీటరు అంకెలు, ఫోటోలు, చాంబరులో కనబడినది, మా కోరిక, జవాబునకు 15 దినముల గడువు, అంతే. స్పీడు పోస్టులో పంపి రసీదు దాచితిమి. పండ్రెండవ దినమున మేనేజరే పిలిపించెను. క్రాంకు సాన, బేరింగులు, రెండు రాడ్లు, ఆయిలు పంపు, కూలి, అన్నియు కలిసి 94,000 రూపాయలని లెక్క తేల్చిరి. కాని వారికొక ఆయుధము దొరకినది. ఎఱ్ఱదీపము వెలిగిన తరువాత ఎంత దూరము నడిపితిరని అడిగిరి. అబద్ధమాడుటకు నోరు రాలేదు. నాలుగు కిలోమీటర్లని చెప్పితిమి. వెంటనే ఆపియున్నచో బేరింగులు మిగిలెడివేమో యని వారి వాదము. అది పూర్తిగా తప్పని మేమును అనలేకపోతిమి. 64,000 వారును, 30,000 మేమును భరించునట్లు కాగితము వ్రాసికొంటిమి. కమిషనునకు పోయినచో ఇంకను వచ్చెడిదని మిత్రుడైన వకీలు చెప్పెను. రావచ్చును, కాని నెలల తరబడి బండి లేకుండుట మాకు సాధ్యము కాలేదు. అమ్మగారిని వారమునకు రెండు పర్యాయములు ఆసుపత్రికి తీసికొనిపోవలసియుండెను.

బాగుచేసిన ఇంజనును మొదట కొంతకాలము మెల్లగా నడిపి, త్వరగా ఆయిలు మార్చవలెనని చెప్పిరి. వేయి కిలోమీటర్లు కాగానే అదే వర్కుషాపునకు పోతిమి. కుఱ్ఱవాడు ఫిల్టరు విప్పుచుండగా మేమును గుంతలోనికి దిగి నిలిచితిమి. పాత ఫిల్టరుతో రబ్బరు రింగు ఊడివచ్చినదా లేదా చూపుమంటిమి. అతడు నవ్వి, గుడ్డతో తుడిచి, చేతికిచ్చెను. రింగు దానితోనే యున్నది.